కొత్తవాళ్ళకు మెత్తని పొగ

రేపల్లె,
12 జూన్ 2023

చి. అనుదీప్‌కు,

నీకు దీర్ఘాయుష్షు, నీ దస్తూరికి మోక్షం కలగాలని కోరుకుంటూ నాయనమ్మ వసుంధర.

మీ నాన్న నిన్న తెనాలి నుంచి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు, నీ కబురు తేలేదు. గుచ్చి గుచ్చి అడిగితే "వాడు బాపట్లలో ఏదో హోటల్ లైన్లో ఉన్నాడమ్మా" అని కాగితం మీద రాసిచ్చాడు. "ఏదో" కింద ఎర్ర సిరాతో గీత గీసి తిరిగి ఇచ్చాను. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ఏ పిల్లవాడైనా "ఏదో వాయువు వెలువడును" అని రాస్తే సున్నా వేసేదాన్ని. నా కొడుకైతే మాత్రం మార్కులు ఎందుకు పడతాయి?

కాబట్టి నువ్వే రాయి. ఫోన్ చెయ్యకు, నాకు వినపడదు. చెవి మిషన్ కొన్నాం కదా అంటావు. అది డబ్బాలో భద్రంగా ఉంది. పెట్టుకుంటే ఎదురింటి సుగుణమ్మ వాళ్ళ చుట్టాలందరి మీదా చెప్పేవి వినాలి. పెట్టుకోకపోతే తలూపి పుణ్యం కట్టుకోవచ్చు. ఆమె మంచి మనిషి, కాకపోతే సాయంత్రాలు పెద్దవి.

ఉత్తరాలైతే నాకు అచ్చివచ్చిన పని. నేను రాసే ప్రతి ఉత్తరానికీ నోటుబుక్కులో నకలు ఉంచుకుంటాను. రేపు "అలా అనలేదు" అని నేను గానీ, "అలా అన్నావు" అని మీరు గానీ బుకాయించడానికి వీల్లేకుండా.

రెండుసార్లు ఇంజనీరింగ్ వదిలేశావని నిన్ను తిట్టను. ఆ పని మీ నాన్న చేస్తున్నాడు, బాగానే చేస్తున్నాడు.

ఇట్లు,
జవాబు కోసం పోస్టుమాన్‌ను వేధిస్తున్న
నాయనమ్మ


బాపట్ల,
21 జూన్ 2023

నాయనమ్మా, నమస్కారం.

నా రైటింగ్‌కు ముందే సారీ. టైపు చేసి చేసి వేళ్ళు పెన్నును మర్చిపోయాయి.

నీకు అబద్ధం రాయలేను. నాన్నకు మాత్రం చెప్పకు. సూర్యలంక రోడ్డులో ఒక షాపు. బోర్డు మీద కాఫీ అని ఉంటుంది, లోపల హుక్కా. ఓనరు జశ్వంత్ అన్న, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. గాజు కుజాలో నీళ్ళు, పైన మట్టి చిలుం, చిలుంలో పాకంలో నానిన పొగాకు, దాని మీద రేకు, రేకు మీద కణకణలాడే కొబ్బరి చిప్ప బొగ్గులు. గొట్టంతో పీలుస్తారు. నా పని చిలుం నింపి, బొగ్గు పెట్టి, ముందు నేను నాలుగు దమ్ములు లాగి పొగ అందుకున్నాక కస్టమర్‌కు ఇవ్వడం.

షెల్ఫులో ఇరవై రెండు డబ్బాలున్నాయి. యాపిల్, ద్రాక్ష, పుదీనా, తమలపాకు, గులాబి. కొన్ని ఆకును కడిగి ఘాటు తీసేసినవి. కొన్ని కడగని నల్లాకు, మొదటి దమ్ముకే తల పట్టేస్తుంది. ఎవరికి ఏది ఇవ్వాలో నాకు అంతుపట్టడం లేదు. మొన్న ఫస్ట్ టైమ్ వచ్చిన ఇద్దరికి నల్లాకు పెట్టాను. ఒకడు గుమ్మం దాటకుండానే కక్కాడు. రొయ్యల చెరువుల ఏజెంటు ఒకాయనకు ద్రాక్ష ఇస్తే "ఏంటి తమ్ముడూ, దగ్గుమందు పోశావా?" అన్నాడు. కొత్తవాళ్ళు మళ్ళీ రావడం లేదు, పాతవాళ్ళు వేరే షాపుకు పోతున్నారు. వినాయక చవితి లోపు దారిన పడకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు అన్న.

ఇది కూడా పోతే నేను నాన్న ముందు నిలబడలేను నాయనమ్మా. తాతయ్య ముక్కుపొడుం కొట్టులో ఎవరికి ఏ రకం నప్పుతుందో మనిషిని చూసి చెప్పేవాడని అంటారు కదా. ఎలా?

నీ
అనుదీప్


రేపల్లె,
30 జూన్ 2023

చి. అనుదీప్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరానికి పదికి ఆరు. నిజం రాసినందుకు నాలుగు, మిగతా దానికంతా కలిపి రెండు.

పొగాకు మంచిదని నేను చెప్పను. నీళ్ళలోంచి వస్తే పొగ శుద్ధి అవుతుందని మీ జశ్వంత్ అంటే నమ్మకు. నీళ్ళు పొగను చల్లబరుస్తాయి, కడగవు. కానీ మనకు అన్నం పెట్టిన సరుకును తిట్టే అర్హత మన ఇంట్లో ఎవరికీ లేదు. నా బి.ఎస్సీ. చివరి ఏడాది ఫీజు కూడా పొడుం కొట్టులోంచే వచ్చింది. మీ తాతయ్య పాండురంగారావు గారిని చక్కెర జబ్బు తీసుకుపోయింది గానీ, లేకపోతే ఈ జవాబు ఆయనే రాసేవారు. అయితే ఆ విద్యలో సగం నాది. తెర వెనక కూర్చుని వచ్చినవాడి గొంతు విని డబ్బా అందించింది నేనే. అప్పట్లో చెవులుండేవి.

విను. వచ్చినవాణ్ణి "ఏం కావాలి?" అని అడగకు. వాడికే తెలిస్తే నువ్వెందుకు? "పొద్దున టిఫిన్ ఏం చేశారండీ?" అని అడుగు. ఇడ్లీ మీద పంచదార చల్లుకునేవాడు ఉంటాడు. అల్లప్పచ్చడి రెండోసారి అడిగి వేయించుకునేవాడు ఉంటాడు. కాఫీలో పంచదార వద్దనేవాడు ఉంటాడు. మనిషి రుచి నాలుక దగ్గరే తెలిసిపోతుంది, ముక్కు దాకా వెళ్ళనక్కర్లేదు.

కొత్తవాడికి ఆకు తక్కువ, వాసన ఎక్కువ. మేము నేతిలో వేయించిన పొడుంలో ఏలకులు నూరి కలిపేవాళ్ళం. నువ్వు కడిగిన ఆకు తీసుకో, ఒకే ఒక పండు ఎంచుకో, చిలుంలో కూరకుండా వదులుగా వెయ్యి, బొగ్గు ఒకటి తగ్గించు. పుదీనా మాత్రం చిటికెడే. చలవగా ఉందని మోసపోయి లోతుగా పీలుస్తాడు. ఆర్నెల్ల అలవాటున్నవాడు వేరే జాతి. వాడికి తన తెలివి చూపించుకోవాలని ఉంటుంది. రెండు డబ్బాలు ముందు పెట్టి "మీరే పాళ్ళు చెప్పండి సార్" అను. ఎంత చెత్తగా కలిపినా మెచ్చుకుంటూ పీలుస్తాడు. పాతకాపు దగ్గర పండు పేరెత్తకు. వాడికి ఆకు కావాలి. నీ రొయ్యల ఏజెంటు ఆ రకం.

తాను పట్టి చూడని పొడుం మీ తాతయ్య ఎవరికీ అమ్మలేదు. నువ్వూ అదే చేస్తున్నావు, సంతోషం.

ఇంకొక మర్యాద ఉంది, అన్నిటికంటే ముఖ్యం. కొత్తవాడికి తల తిరుగుతుంది. తిరిగి తీరుతుంది. నువ్వు గాభరా పడకూడదు, నలుగురిలో నీళ్ళు చల్లి వాణ్ణి నవ్వులపాలు చెయ్యకూడదు. మెల్లగా లోపలి గదిలోకి తీసుకెళ్ళు. చాప వేసి పడుకోబెట్టి, ఉప్పేసిన మజ్జిగ ఇచ్చి, ఎవరూ తొంగిచూడకుండా తలుపు దగ్గరగా వేసి రా. అరగంటకు లేచి ఏమీ జరగనట్టు బయటికొస్తాడు. తన పరువు కాపాడిన కొట్టును మనిషి జన్మలో వదలడు.

ఇట్లు,
తెర వెనక విద్వాంసురాలు
నాయనమ్మ


బాపట్ల,
24 సెప్టెంబర్ 2023

నాయనమ్మా,

చవితి వెళ్ళింది, నేనున్నాను. ఇదే పెద్ద న్యూస్.

నువ్వు చెప్పినట్టు టిఫిన్ అడుగుతున్నా. మొదట అందరూ నవ్వారు. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే వచ్చి "ఇవాళ పెసరట్టు తిన్నాం బ్రో, ఏం ఇస్తావ్?" అంటున్నారు. రొయ్యల ఏజెంటుకు ఉత్త నల్లాకు పెట్టాను. పది నిమిషాలు కళ్ళు మూసుకుని గొట్టం వదలకుండా పీల్చాడు. తర్వాత "ఎవర్రా నీ గురువు?" అన్నాడు. మా నాయనమ్మ అంటే నమ్మలేదు. లెక్చరర్ సార్ ఒకాయన సోంపు వాసనొచ్చే యాపిల్‌లో తమలపాకు తానే కలుపుకుంటాడు. నేను ఒకసారి తాగి చూశా, చీపురు కాల్చినట్టుంది. "సూపర్ సార్" అన్నా.

తల తిరిగినవాళ్ళను స్టోరు గదిలో పడుకోబెడుతున్నా. ఇప్పటికి ఏడుగురు. ఏడుగురూ మళ్ళీ వచ్చారు. నీ మజ్జిగ ఫేమస్ అయిపోయింది.

అన్న షాపుకు కొత్తగా అద్దాల క్యాబిన్లు పెట్టించాడు. వాసన బయటికొస్తోందని పక్కవాళ్ళు గోల చేస్తున్నారు, పోలీసుల భయమొకటి. అందుకని కిటికీలన్నీ మూసేసి, అద్దాలకు నల్ల కాగితం అంటించి, ఏసీ వేసేశాం. బొగ్గులు మాత్రం పెరట్లో కుంపటి మీద కాలుస్తున్నా. సాయంత్రానికి నాకు తలనొప్పిగా ఉంటోంది, అంతకుమించి ఇబ్బంది లేదు. రోజుకు ముప్పై చిలుములు రుచి చూస్తే ఎవరికైనా ఉంటుంది కదా.

అనుదీప్


రేపల్లె,
3 అక్టోబర్ 2023

చి. అనుదీప్‌కు,

పదికి తొమ్మిది. ఒక మార్కు దగ్గర పెట్టుకోవడం అలవాటు, నీ లోపమేమీ లేదు.

"ఎవర్రా నీ గురువు" అన్న వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని ఇంతకంటే సులువుగా సంతోషపెట్టలేరు.

తలుపులు, కిటికీలు మూసి ఉంచడం మంచిదే. మా కొట్టులోనూ గాలి ఆడనిచ్చేవాళ్ళం కాదు, పొడుం ఎగిరిపోయి వాసన చచ్చిపోతుందని. తలనొప్పికి శొంఠి పట్టు వేసుకో. తాతయ్యకూ ఉండేది.

ఇక్కడి కబురు ఒకటి. సుగుణమ్మ మనవరాలు లిఖితకు మీ బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ సీటు వచ్చింది. పుట్టినప్పటి నుంచి అమ్మమ్మ దగ్గరే పెరిగిన పిల్ల. నా దగ్గర తొమ్మిదో తరగతి సైన్సు చెప్పించుకుంది. నేను రిటైరయ్యాక పాఠం చెప్పిన ఒకే ఒక్క బుర్ర అది. ప్రశ్నలడుగుతుంది. వరి గింజకు ఊపిరి ఉంటుందా అని ఒకసారి అడిగితే నేను పుస్తకం తీయాల్సి వచ్చింది. దాన్ని హాస్టల్లో దింపి వచ్చినప్పటి నుంచి సుగుణమ్మ చుట్టాలను తిట్టడం మానేసింది. నాకు దిగులుగా ఉంది.

నీ అడ్రసు లిఖితకు ఇచ్చాను. ఆ ఊళ్ళో దానికి ఇంకెవరూ లేరు.

ఇట్లు,
గురువు గారు


రేపల్లె,
2 డిసెంబర్ 2023

చి. అనుదీప్‌కు,

ఈ ఉత్తరం, ఉసిరికాయ పచ్చడి తెచ్చిన పిల్లే లిఖిత. శని, ఆదివారాలకు ఇంటికొచ్చి వెళ్తోంది. కూర్చోమని చెప్పి, మంచినీళ్ళిచ్చి, తర్వాత ఇది చదువు.

జాడీ సుగుణమ్మది. నాది మొన్న పగిలింది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని నీకు తెలుసనుకుంటాను, తెలియకపోతే ఇప్పుడు తెలిసింది. అందులో ఏదో ఒకటి వేసి పంపు. కనీసం పిడికెడు పంచదార.

లిఖిత నీ దుకాణం ఏమిటని అడుగుతుంది. అది అడక్కుండా ఉండదు. దాచకు. దాచినవాటి మీదే పిల్లలకు మోజు. కావాలంటే ఒక్క దమ్ము లాగనివ్వు, మెత్తని రకం. దగ్గి, ఛీ అని, ఇక ముట్టదు. మీ నాన్నకు పన్నెండో ఏట పొడుం అలా మాన్పించాను.

తుఫాను అంటున్నారు. తల తడవనివ్వకు, నీదీ దానిదీ.

నాయనమ్మ


తెనాలి,
17 డిసెంబర్ 2023

నాయనమ్మా,

నీకు నాన్న ఎంత చెప్పాడో నాకు తెలియదు. లిఖిత ఊపిరాడక పోయిందని చెప్పి ఉంటాడు. జరిగింది నేను రాస్తాను.

నాలుగో తారీకు సోమవారం. తుఫానుకు కాలేజీకి సెలవిచ్చారు. మళ్ళీ ఊరు వెళ్దామని లిఖిత బస్టాండుకు వెళితే బస్సులు ఆపేశారట. మధ్యాహ్నం రెండింటికి మా షాపుకు వచ్చింది. నిలువునా తడిసింది. జాడీకి మాత్రం చుట్టూ ప్లాస్టిక్ కవరు కట్టి చున్నీ కింద పెట్టుకుంది. "అనుదీప్ అన్నయ్యా, మామ్మగారు పంపారు" అంది.

లోపల హాస్టలు కుర్రాళ్ళు పది మంది ఉన్నారు, ఐదు హుక్కాలు. కరెంటు లేదు, ఏసీ లేదు. వాన కొడుతోందని కిటికీలు మూసే ఉన్నాయి. తుఫాను తగ్గితే ఏదో ఒక బండి మీద నేనే దింపుతానని చెప్పి కూర్చోబెట్టాను. గంటన్నర కూర్చుంది. అదేంటి, ఇదేంటి అని అడిగింది. ఆకును ఎందుకు కడుగుతారు, కడిగిన నీళ్ళు ఏం చేస్తారు అని. నీ ఉత్తరంలో ఒక్క దమ్ము అన్నావు. రెండు లాగింది. కడిగిన ఆకు, గులాబి. దగ్గి, నవ్వి, "మామ్మగారు ఇది నేర్పారా మీకు?" అంది.

కాసేపటికి తల తిరుగుతోంది అన్నయ్యా అంది. కొత్తవాళ్ళకు తిరుగుతుందమ్మా, ఏం కాదు అన్నాను. అందరూ చూస్తున్నారని సిగ్గుపడింది. స్టోరు గదిలో చాప వేశాను. మజ్జిగ ఇచ్చాను. పెరట్లో వాన కాబట్టి బొగ్గుల కుంపటి ఆ గదిలోనే పెట్టుకున్నాం. తడిసి వణుకుతోంది కదా, వెచ్చగా ఉంటుందిలే అనుకున్నాను. తలుపు దగ్గరగా వేశాను.

అరగంటకు తొంగిచూశాను. నిద్రపోతోంది. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. చలి వదిలిందనుకుని మళ్ళీ తలుపు వేశాను. ఇంకో గంటకు వెళ్ళి పిలిచాను.

తనను లేపబోతూ నేనూ అక్కడే పడిపోయానట. కుర్రాళ్ళు మా ఇద్దరినీ వానలోకి లాగారు. నాకు వానలో తెలివొచ్చింది. తనకు రాలేదు. ముందే వానలోనైనా ఆరుబయట పడుకోబెట్టి ఉంటే గాలే బతికించేదని డాక్టరు అన్నాడు.

జశ్వంత్ అన్న ఫోన్ ఆపేశాడు, ఎక్కడున్నాడో తెలియదు. నన్ను పోలీసులు తీసుకెళ్ళారు. నాన్న బెయిలు తెచ్చాడు. నాన్న అన్నం ప్లేటు తలుపు దగ్గర పెట్టి వెళ్తున్నాడు.

మజ్జిగ, గది, తలుపు అన్నీ నా సొంత ఆలోచన అని స్టేట్‌మెంట్ ఇచ్చాను. నీ ఉత్తరాలు ఎవరికీ చూపించలేదు.

అనుదీప్


రేపల్లె,
21 డిసెంబర్ 2023

అనుదీప్,

మీ నాన్న నాకు "ఆయాసం వచ్చింది" అని రాసిచ్చాడు. నేను ఎర్ర గీత గీయలేదు.

నీ ఉత్తరం చదివి నోటుబుక్కు తీశాను. జూన్ ముప్పైన నేను రాసినది చదివాను. అక్టోబరు మూడున రాసినది చదివాను. "తలుపులు, కిటికీలు మూసి ఉంచడం మంచిదే." నా దస్తూరే. ముత్యాల్లాంటి దస్తూరి అనేవాళ్ళు.

ఇది ఒకసారి రాస్తాను, తర్వాత దీన్ని గురించి నువ్వు అడగవద్దు. మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది, లేవదు. మొదట తలనొప్పి, తర్వాత తల తిరగడం, తర్వాత నిద్ర. బుగ్గలు ఎర్రబడతాయి. అది ఆరోగ్యం కాదు. ఈ పాఠం తొమ్మిదో తరగతికి ముప్పై మూడేళ్ళు చెప్పాను. చలికాలంలో కుంపటి గదిలో పెట్టుకుని పడుకోకండిరా అని ప్రతి ఏడూ బల్ల గుద్ది చెప్పాను. లిఖితకు ఈ వరండాలోనే చెప్పాను. అది రాసుకుంది.

నువ్వు కిటికీలు మూశామన్నావు, బొగ్గులన్నావు, తలనొప్పి అన్నావు. మూడూ ఒకే పేరాలో పెట్టి పంపావు. నేను దానికి శొంఠి చెప్పి తొమ్మిది మార్కులు వేశాను. ఎందుకంటే అప్పుడు నేను సైన్సు టీచర్ని కాదు, పాండురంగారావు గారి కొట్టులో విద్వాంసురాలిని.

ఆయన సంగతీ రాస్తాను. ఆయనది చక్కెర జబ్బు కాదు. ముక్కు లోపల రాచపుండు. ప్రతి డబ్బా తన ముక్కు మీద పరీక్షించి అమ్మినవాడికి ముక్కే ముందు పోయింది. సరుకుకు చెడ్డపేరు రాకూడదని ఊరందరికీ చక్కెర అని చెప్పాం. ఆ మాట ముందు అన్నది నేను. ఇరవై ఆరేళ్ళు అన్నాను. చివరకు నాకే నిజమనిపించింది.

ఇక్కడ సంగతి. సుగుణమ్మ తలుపు తీయడం లేదు. బజారులో మాట ఏమిటంటే, "హాస్టల్లో వేస్తే పొగ తాగడం మరిగింది, హుక్కా షాపులో కుర్రాళ్ళ మధ్య పోయింది." పాలు పోయడానికి వచ్చే నాగమ్మ నాకు చేతులు తిప్పి చూపించింది, గొట్టం పట్టుకున్నట్టు. చెంబు ఆమె చేతికి ఇచ్చి తలుపు వేసుకున్నాను.

అక్కడ ఏం జరుగుతోందో రాయి. ఏదీ తగ్గించకు.

వసుంధర


తెనాలి,
28 డిసెంబర్ 2023

నాయనమ్మా,

నువ్వు పేరుతో సంతకం పెడితే భయమేసింది.

ఇక్కడ లాయరు గారు ఒక మాట చెబుతున్నారు. లిఖిత మా షాపుకు అంతకుముందు చాలాసార్లు వచ్చిందనీ, అలవాటున్న కస్టమర్ అనీ, ఆ రోజు తానే ఎక్కువ తాగి, తానే స్టోరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుందనీ రాస్తారట. అలా అయితే నా మీద కేసు పలచబడుతుందట. సాక్ష్యానికి ఇద్దరు కుర్రాళ్ళు ఒప్పుకున్నారట. ఎనిమిదో తారీకు నేను సంతకం పెట్టాలి.

నాన్న ఒక్కటే అన్నాడు. "పోయిన పిల్ల ఎలాగూ రాదు. ఉన్నవాణ్ణి కాపాడుకోనీ." నిన్న రాత్రి నా కాళ్ళు పట్టుకున్నాడు నాయనమ్మా. మా నాన్న.

సంతకం పెట్టకపోతే ఏళ్ళు పడతాయట, జైలు కూడా తప్పకపోవచ్చట. నాకు ఇరవై మూడు.

ఆ జాడీ నా దగ్గరే ఉంది. పోలీసులు దాన్ని తీసుకోలేదు, అది కేసులో లేదన్నారు. పచ్చడి కుర్రాళ్ళకు పెట్టేశాను ఆ రోజే, లిఖితే వడ్డించింది. కడిగి పెట్టాను. ఏం చెయ్యమంటావు?

నీకు చెప్పకుండా ఏదీ చెయ్యను. ఈసారి కూడా నువ్వే చెప్పు.

అనుదీప్


రేపల్లె,
4 జనవరి 2024

చి. అనుదీప్‌కు,

"ఈసారి కూడా నువ్వే చెప్పు" అన్నావు. చెప్పడం నా జబ్బు. దానితోనే ఇక్కడిదాకా వచ్చాం. అందుకని ముందు నేను చేసింది రాస్తాను.

నిన్న పొద్దున చెవి మిషన్ డబ్బాలోంచి తీశాను. బ్యాటరీ లేకపోతే రిక్షా వేసుకుని వెళ్ళి వేయించుకుని వచ్చాను. పదకొండింటికి నోటుబుక్కు పట్టుకుని సుగుణమ్మ తలుపు కొట్టాను. చాలాసేపు తీయలేదు. నేను కదలలేదు. పరీక్ష హాల్లో మూడు గంటలు నిలబడ్డ కాళ్ళు ఇవి.

తీసింది. వరండాలో ఇద్దరు చుట్టాలున్నారు, పరామర్శకు వచ్చినవాళ్ళు. నన్ను చూసి లేవబోయారు. ఉండమని చెప్పాను, వాళ్ళూ వినాలి కాబట్టి. నిలబడే చదివాను. జూన్ ముప్పైది మొత్తం, మజ్జిగ, చాప, తలుపు. అక్టోబరు మూడుది. డిసెంబరు రెండుది, ఒక్క దమ్ము లాగనివ్వు అన్నది. తర్వాత నీ పదిహేడో తారీకు ఉత్తరం. ఆ పిల్ల ఆ షాపు గడప తొక్కింది జన్మలో ఒక్కసారి, నా పచ్చడి జాడీ ఇవ్వడానికి. ఆ ఒక్క మాట రెండుసార్లు చెప్పాను.

చుట్టాల్లో ఒకావిడ "పొడుం కొట్టువాళ్ళ కోడలు ఇంకేం నేర్పుతుందిలే" అంది. మిషన్ బాగా పనిచేస్తోంది.

సుగుణమ్మ అరిస్తే వినడానికి వెళ్ళాను. చెవిలో ఆ ముక్క పెట్టుకుని ఆవిడ ఊపిరి విన్నాను, గోడ గడియారం విన్నాను. ఇన్నేళ్ళు రోజూ సాయంత్రం ఆమె చెప్పినవన్నీ వినకుండా తలూపాను. విందామని కూర్చున్న రోజున ఆమె దగ్గర మాటలు లేవు.

ఇవాళ పొద్దున బాపట్ల పోలీసు స్టేషనుకు రిజిస్టరు పోస్టు పంపాను. నా ఉత్తరాల నకళ్ళు, నీ సెప్టెంబరు, డిసెంబరు ఉత్తరాలు, నా సంతకం. మీ నాన్నకు కూడా ఒక కాపీ పంపాను. లాయరు ఆ కథ రాసినా ఇక నిలవదు. నిన్ను అడిగి చెయ్యలేదు. అడిగితే నువ్వు సరేనంటావు, అప్పుడు అది కూడా నేను చెప్పి చేయించినట్టే అవుతుంది.

మీ నాన్న నన్ను క్షమించడు. వాణ్ణి తప్పుపట్టను. నీకు శిక్ష పడవచ్చు. నాకు వేస్తామంటే వస్తానని రాశాను, నవ్వుకుంటారేమో. జైలుకు ఉత్తరాలు వెళ్తాయట, కనుక్కున్నాను. ముందు వాళ్ళు చదువుతారట. నేను ఇంతకాలం రాసినవి కూడా ఎవరైనా ముందు చదివి ఉంటే బాగుండేది.

ఎనిమిదిన సంతకం పెట్టాలా వద్దా అన్నది నువ్వు తేల్చుకో. నేను చెప్పను.

సుగుణమ్మ చివరకు ఒక్క మాట అంది. నేను గుమ్మం దాకా వచ్చేశాక, వెనక నుంచి, మామూలు గొంతుతో.

"ఆ జాడీ నాది వసుంధరమ్మా. తెచ్చిపెట్టమను."

తీసుకెళ్ళు. నువ్వే స్వయంగా తీసుకెళ్ళు, ఎవరి చేతా పంపకు. ఆమె ఏమన్నా నిలబడు.

ఖాళీగా మాత్రం ఇవ్వకూడదు. అందులో ఏం వేసి ఇవ్వాలో పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. పంచదార అని రాశాను, కొట్టేశాను. బియ్యం అని రాశాను, కొట్టేశాను. నకలులో కూడా ఆ రెండు కొట్టివేతలూ అలాగే ఉంచాను.

నాకు తెలియడం లేదురా.

నాయనమ్మ